రెండోసారి చేయని రక్తపరీక్ష

మా ఆయనకు ముందు గొంతు పోయింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలకు మనిషి పోయారు. రెంటికీ కారణం ఒకటేనని మాకు మధ్యలో తెలిసింది. తెలిశాక చేయాల్సిన చిన్న పని ఒకటి ఉండింది. అది జరగకుండా చేసింది నేను. దుఃఖం గురించి రాసినవి నేను చాలా చదివాను. వాటిలో చాలావాటికి మాటలు ఎక్కువ. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళిన కొత్త. మేం బ్రూస్‌పేటలో, కింద బట్టల కొట్టు ఉన్న ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నేను మిషన్ బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆయన తుంగభద్ర కాలవ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరు. వారమంతా క్యాంపులో ఉండి శనివారం మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవారు. ఆదివారం మా క్రైస్తవుల గుడిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. గుడిలో హార్మోనియం ఉండేది కానీ దాని మెట్లు కొన్ని పలికేవి కావు. అందువల్ల శ్రుతి ఆయన గొంతులోనే ఉండేది. ఆయన మొదలుపెట్టేదాకా ఎవరూ నోరు తెరిచేవారు కాదు.

ఆ ఎండాకాలం గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం కాచాను. అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకుని క్యాంపుకు వెళ్ళేవారు. “కాలవ దుమ్ము టీచరమ్మా, వానలు పడితే పోతాది” అనేవారు. నన్ను ఎగతాళిగా అట్లాగే పిలిచేవారు. వానలు పడ్డాయి. బొంగురు పోలేదు. గుడిలో కీర్తన ఎత్తుకుంటే రెండో పాదానికే మాట పోయి గాలి మిగిలేది. మా సంఘ పెద్ద రైల్వేలో గుమాస్తా చేసి రిటైరైన మనిషి. గుడి బయట అందరి ముందూ అన్నారు:

“ఏందప్పా, గొంతు ఆ కాలవలోనే ఇడిసిపెట్టి వస్తాండావా?”

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. కఫం లేని దగ్గు. ఖాళీ బిందెను తట్టినట్టు ఒక మోత.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన పడక కుర్చీలో పేపరు చదువుతున్నారు. నేను ఎదురుగా కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. ఆయన చొక్కా పై గుండీ కదులుతోంది. ఫ్యాను లేదు, గాలి లేదు. కాసేపు చూశాక అది నాడి కొట్టుకున్నట్టు ఒకే లెక్కన కదులుతోందని అర్థమైంది. లేచి చెయ్యి పెట్టి చూశాను. రొమ్ము ఎముకకు కుడి పక్కన, పైభాగంలో, లోపలి నుంచి నెడుతున్నట్టు కొట్టుకుంటోంది.

“గుండె ఈడికొచ్చిందా ఏంది?” అన్నారు ఆయన.

వచ్చే వారం ఆస్పత్రికి పోదామన్నాను. ఆ వారం ఆయన క్యాంపు నుంచి చలిజ్వరంతో దిగారు. క్యాంపులో సగం మందికి వచ్చింది. పది రోజులు వణికి, మాత్రలు మింగి, లేచి నిలబడగానే ఆస్పత్రికి తీసుకుపోయాను. ఈ జ్వరం సంగతి గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు మేమెవరం గుర్తుపెట్టుకోలేదు.

డాక్టరు కన్నడాయన. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. ఆయన కన్నడంలో అడిగితే మా ఆయన తెలుగులో చెప్పేవారు. గొంతులో చిన్న అద్దం పెట్టి చూశారు. గొంతు గొట్టం మీద వేలు ఆనించి చాలాసేపు ఉంచారు. ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును కిటికీకి పెట్టి మమ్మల్నిద్దరినీ పిలిచారు. రొమ్ము నడిమధ్య ఉండాల్సిన నీడ ఒక పక్కకు పిడికిలంత ఉబ్బి ఉంది.

మందుచీటీ వెనక బొమ్మ గీశారు. గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకుపోయే పెద్ద నాళం పైకి వెళ్ళి, చేతికర్ర పిడిలా వంగి, వెన్నుపూస పక్క నుంచి కిందికి దిగుతుందట. అన్ని నాళాలూ దాని నుంచి చీలినవే. ఆ వంపు దగ్గర గోడ పలచబడి బుంగలా ఉబ్బింది. గొంతు ఆడించే నరం ఒకటి ఆ వంపు కింద నుంచి చుట్టుకుని పైకి పోతుంది. ఉబ్బు ఆ నరాన్ని నొక్కింది. గొంతు పోయింది అందుకు. దుమ్ము వల్ల కాదు.

మా ఆయన బొమ్మ తీసుకుని చూశారు. కాలవ పని చేసే మనిషి కాబట్టి ఆయనకు నాకంటే ముందు అర్థమైంది.

“కట్ట ఉబ్బితే మేము ఇసక మూటలేస్తాం సార్. దీనికేమేస్తారు?”

డాక్టరు ఫిల్ము కవర్లో పెట్టి, “ఏనూ ఇల్లప్పా” అన్నారు. ఏమీ లేదని. ఉబ్బిన ముక్క కోసి కుట్టే పని పై దేశాల్లో ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారనీ, ఇక్కడ దాని గురించి ఆలోచించి లాభం లేదనీ చెప్పారు. బరువులు ఎత్తొద్దు, మెట్లు తగ్గించు, కీర్తనలు పాడొద్దు. ఆ వయసులో, నలభై రెండేళ్ళకు, నాళం అట్లా ఉబ్బడానికి మామూలుగా ఒక కారణం ఉంటుంది, అది చూడాలి అని రక్తం తీసి బయటి ఊరికి పంపారు. ఏ కారణమో చెప్పలేదు. నేను అడగలేదు.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. ఆ రోజు నాకు బడి. ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చారు. నేను వచ్చేసరికి ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు, చెప్పులు కూడా విప్పలేదు. ఎంగిలి పడ్డారా, ఏమన్నా తిన్నారా అని అడిగాను. ఆయన అన్నారు:

“సవాయి అంట. రక్తంలో ఉండాదంట. ఏండ్ల కిందటిదంట.”

నాకు ఆ మాట తెలుసు, సుఖరోగం. బడి గోడల మీద ఆ రోగానికి మందు అమ్మేవాళ్ళు అంటించే కాగితాలు చూశాను. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఆయన దూరపు ఊళ్ళలో రోడ్డు పనుల్లో, రేకుల షెడ్లలో, మగవాళ్ళ మధ్య ఉన్నారు. అక్కడ ఎట్లా ఉండేదో ఆయన జతగాళ్ళు మా ఇంట్లో భోజనాలు చేస్తూ నవ్వుకుంటుంటే వంటింట్లో నుంచి విన్నాను. నాకు రెండు కాన్పులు పోయాయి. ఒకటి ఆరో నెలలో. ఒకటి నెలలు నిండి, ఊపిరి లేకుండా. ఎందుకు పోయాయో ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నాకు కారణం దొరికింది.

“ఎవరి దగ్గరికి పోయినారు?” అన్నాను.

“యాడికీ పోలేదు.”

“మరి రక్తం అబద్ధం చెబుతుందా?”

ఆయన నా వైపు చూశారు. “రక్తం సంగతి నాకు తెల్దు. నా సంగతి నాకు తెలుసు. నేను యాడికీ పోలేదు” అన్నారు.

ఆ గొంతుతో ఆయన ఏం చెప్పినా తప్పు చేసినవాడి గుసగుసలాగే వినిపించేది. ఇది సాకు కాదు. వినిపించిన సంగతి చెబుతున్నాను.

డాక్టరు నా రక్తం కూడా పంపించారు. నాకేమీ లేదని వచ్చింది. దాన్ని నేను నా నడతకు ఇచ్చిన సర్టిఫికెట్టులాగా తీసుకున్నాను. పదకొండేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషికి లేనిది ఆయనకు ఎట్లా వచ్చిందని ఒక్కసారి ఆలోచించి ఉంటే చాలు. ఆలోచించలేదు. ఏళ్ళు గడిస్తే అంటకపోవచ్చు కూడా అని డాక్టరు అన్న మాటను పట్టుకున్నాను. డాక్టరు ఇంకో మాట కూడా అన్నారు. మూడు నెలలు పోయాక రక్తం మళ్ళీ చూద్దామన్నారు. అది నా చెవిన పడలేదు. మా ఆయన చెవిన పడింది.

ఇప్పుడు మా సంఘంలోని ఒక పద్ధతి గురించి చెప్పాలి. ప్రభు భోజనం, అంటే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, మాకు మూడు నెలలకు ఒకసారి. దానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటం. ఆ కూటంలో సంఘ పెద్ద ఒక్కొక్క ఇంటి పేరు పిలుస్తారు. భార్యాభర్తలు లేచి నిలబడాలి. “ఇంట్లో సమాధానంగా ఉండారా?” అని అడుగుతారు, అంటే పోట్లాటలు లేకుండా ఉన్నారా అని. ముందు భార్యను అడగడం పద్ధతి. మగవాళ్ళు ఎట్లాగూ ఉన్నామనే అంటారని పాత మిషనరీ దొరలు పెట్టిన ఏర్పాటట. భార్య ఉన్నామంటే పేరు పక్కన ఒక గీత. లేదంటే ఆ ఇంటివాళ్ళు ఆసారి బల్ల దగ్గరికి రాకూడదు, పాస్టరు విచారించి తీర్పు చేయాలి. నాకు తెలిసి ఎవరూ లేదనలేదు. శుక్రవారం నాడు మా పేటలో క్రైస్తవుల ఇళ్ళలో గొంతులు లేచేవి. ఇయ్యాలే అన్నీ తిట్టేసుకోవాల, రేపు కుదరదు అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. శనివారానికి అందరూ సమాధానంగా ఉండేవారు.

ఆ శనివారం మా పేరు పిలిచారు. ఇద్దరం లేచాం. సంఘ పెద్ద తలెత్తకుండానే అడిగారు, గీత పెట్టడానికి పెన్ను దింపుతూ.

నేను “లేదు” అన్నాను.

మా ఆయనను సాధించాలని కాదు. కనీసం అట్లా అనుకోలేదు. దేవుని ఇంట్లో అడిగితే అబద్ధం చెప్పకూడదని నన్ను చిన్నప్పటి నుంచి పెంచారు. అందరికీ అట్లాగే నేర్పారు. మిగతా ఆడవాళ్ళకు ఆ ప్రశ్న దేనికో తెలుసు, నాకు తెలియలేదు, అంతే. నేను చదివిన పుస్తకాలు కూడా అట్లాంటి వేళ నిజం చెప్పడమే గొప్ప అని చెప్పాయి.

పాస్టరు గారు సోమవారం పిలిపించారు. కారణం అడిగారు. నేనే చెప్పాను. డాక్టరు చీటీ కూడా చూపించాను. మా ఆయన్ని అడిగితే, “ఆమెను అడిగినారు, ఆమె చెప్పింది. నన్నడిగితే నేను పోలేదని చెప్తాండా. రెండూ రాసుకోండి” అన్నారు. ఒకటే రాసుకున్నారు. సంఘం పుస్తకంలో ఆయన పేరు ఎదుట “దుర్నడత వలన బల్లకు దూరము” అని రాశారు. తప్పు ఒప్పుకుంటే ఎత్తేస్తామన్నారు. చేయని తప్పు ఎట్లా ఒప్పుకుంటానని ఆయన అడిగితే, గర్వం ఇంకా పోలేదన్నారు.

అప్పటి నుంచి ఆయన గుడిలో వెనక బెంచీ మీద కూర్చున్నారు. పాడే గొంతు ఎట్లాగూ లేదు. కీర్తన ఎవరు ఎత్తుకోవాలో తెలియక జనం కొన్ని వారాలు తలా ఒక శ్రుతిలో పాడారు. తర్వాత అలవాటైంది. ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు. నేను మాత్రం ముందు వరుసలో, నా చోట్లో కూర్చునేదాన్ని. బల్ల దగ్గరికి నేను రావచ్చని తీర్పు చేశారు. వెళ్ళాను.

ఇంట్లో నేను ఆయనకు అన్నం పెట్టాను. పెన్సిలిన్ సూదులకు వెంట వెళ్ళాను. బట్టలు ఉతికాను. ఏ లోటూ చేయలేదని అందరూ అన్నారు. మాట మాత్రం అవసరానికి మించి ఒక్కటి ఆడలేదు.

మూడు నెలలయ్యాక ఆయన ఒక ఉదయం నేను బడికి చీర కట్టుకుంటుంటే అన్నారు:

“మళ్ళా రక్తం చూస్తామన్నారు గదా. శనివారం పోదాం. నువ్వు కూడా రా.”

“నేనెందుకు?”

“ఏం వచ్చినా డాక్టరు నోటితోనే నువ్వు వింటావని.”

“ఒకసారి విన్నది చాలదా?” అన్నాను.

ఇంకో నెలకు మళ్ళీ అడిగారు. పరీక్షల రోజులు, తీరదన్నాను. నిజానికి ఆ శనివారం బడి సగం పూటే. ఒక్కరే వెళ్ళి ఉండవచ్చు గదా అని నేను చాలా ఏళ్ళు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఒక్కరే వెళ్ళి ఏం చేస్తారు? ఆయనకు రక్తంలో ఏముందో తెలుసుకోవాలని లేదు, ఆయన సంగతి ఆయనకు తెలుసు. తెలియాల్సింది నాకు. నేను రానన్నాక ఆ పరీక్షతో ఆయనకు పని లేదు. ఆ డాక్టరు కూడా ఆ ఎండాకాలం బదిలీ అయి వెళ్ళిపోయారు.

చివరి నెలల్లో ముద్ద దిగేది కాదు. ఉబ్బు అన్నం దిగే గొట్టాన్ని కూడా నొక్కుతోందని కొత్త డాక్టరు చెప్పారు. గంజి, మజ్జిగ, అంతే. భుజాల మధ్య నొప్పికి దిండు మడిచి పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవారు. రొమ్ము మీద కొట్టుకోవడం ఇప్పుడు గదికి అవతల నుంచి కూడా కనిపించేది. ఆయన దాని మీద కండువా కప్పుకునేవారు, నాకు కనబడకుండా.

పోయింది ఒక బుధవారం ఉదయం, తొమ్మిది దాటాక. నేను బడికి బయలుదేరుతున్నాను. మజ్జిగ గ్లాసు అందుకోబోయి ఒకసారి దగ్గారు. రక్తం వచ్చింది. నోటి నుంచి, ముక్కు నుంచి, ఆగకుండా. ఒక మనిషిలో అంత ఉంటుందని నాకు తెలియదు. నేను పట్టుకునేలోపే అయిపోయింది. ఆయన ఏమీ చెప్పలేదు, చెప్పే వీలు లేదు. కథల్లో అట్లాంటప్పుడు ఒక మాట చెబుతారు, ఒక చూపు చూస్తారు. ఇక్కడ అట్లాంటిది ఏమీ లేదు. నా చేతిలో బడి సంచీ అట్లాగే ఉంది.

సమాధి దగ్గర పాస్టరు గారు దయగలవారు కాబట్టి, మన సహోదరుడు చివరి రోజుల్లో పశ్చాత్తాపపడ్డాడని చెప్పారు. ఆయన పశ్చాత్తాపపడలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఏడుస్తున్న ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగరు. ఏమీ చెప్పకుండా ఏడ్చాను.

ఆరేడేళ్ళు గడిచాయి. బ్రూస్‌పేటలో పాత కాగితాల కొట్టు సాయిబు నాకు పుస్తకాలు పక్కన పెట్టి ఉంచేవారు. ఒకసారి ఎవరో డాక్టరు పోతే ఆయన బీరువా మొత్తం తూకానికి వచ్చింది. అందులో ఒక ఇంగ్లీషు వైద్య పుస్తకం ఉంది. పొట్లాలకు చింపక ముందు చూసుకోమన్నారు. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని పెద్ద రక్తనాళం అధ్యాయం తీశాను. బొంగురు గొంతు, ఖాళీ దగ్గు, రొమ్ము మీద కొట్టుకోవడం, మింగలేకపోవడం, అన్నీ వరసగా ఉన్నాయి. మా ఇంట్లో ఉండి చూసి రాసినట్టు ఉన్నాయి. వంపు దగ్గర వచ్చే ఉబ్బులకు ఎక్కువ భాగం ఆ రోగమే కారణమని ఉంది. అన్నింటికీ కాదని కూడా ఉంది. రక్తపోటు వల్ల, గోడ తనంతట తాను బలహీనపడి కూడా వస్తుందట.

తర్వాత రక్తపరీక్ష ఉన్న పేజీ వెతికాను. కొన్ని జబ్బులు ఉన్నప్పుడు, తగ్గిన కొత్తలోనూ, ఆ రోగం లేని మనిషి రక్తం కూడా ఉన్నట్టే చూపిస్తుందని ఉంది. ఆ జబ్బుల వరసలో మలేరియా, అంటే చలిజ్వరం, ఉంది. అట్లాంటి వాళ్ళకు కొన్ని నెలలు ఆగి పరీక్ష మళ్ళీ చేయాలని ఉంది.

ఆయన రక్తం తీసింది చలిజ్వరం నుంచి లేచిన వారానికి.

సాయిబు నా మొహం చూసి మంచినీళ్ళు తెప్పించారు. “క్యా హువా టీచరమ్మా, ఎండ దెబ్బా?” అన్నారు. అవునన్నాను.

ఆ వైద్య పుస్తకం తీసుకుని సంఘ పెద్ద ఇంటికి వెళ్ళాను. ఆయన ముసలివాడైపోయారు, కానీ సంఘం పుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉండేది. పేజీ తెలుగులో చెప్పి, మా ఆయన పేరు ఎదుట రాసిన దుర్నడత అన్న మాట కొట్టేయమన్నాను. ఆయన ఓపికగా విన్నారు. మంచి మనిషే. చివరికి అడిగారు:

“అంటే ఆయప్పకు ఆ రోగం లేదని కచ్చితంగా తెలుసునా అమ్మా?”

“తెలియదు. ఉండకపోవచ్చు అని మాత్రమే తెలుసు. మళ్ళీ చూసి ఉంటే తెలిసేది.”

“మళ్ళా ఎందుకు చూడలేదు?”

“నేను రానన్నాను.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తెలియనిదాన్ని కొట్టేయడానికి కుదరదని మెల్లగా చెప్పారు. అయితే నా సంగతి రాయమన్నాను. భర్త ఎక్కడికీ పోలేదని చెబితే నమ్మలేదు, పరీక్షకు పోనివ్వలేదు, అని నా పేరు ఎదుట రాయండి అన్నాను.

“అట్లాంటివి మనం రాసేది లేదమ్మా. అది దుర్నడత కాదు” అన్నారు ఆయన. కాఫీ తాగి పొమ్మన్నారు.

కాఫీ తాగి వచ్చాను. ఇప్పుడు నేను ఆయన్ని నమ్ముతున్నాను. దాని వల్ల ఆయనకు ఏమీ రాదు. పైగా నేను నమ్ముతున్నది పుస్తకంలో ఒక పేజీని. ఆ పేజీ కనబడకపోతే, ఆయన నాతో చెప్పిన మాట ఈ రోజుకీ నాకు చాలి ఉండేది కాదు. ఆయన అడిగింది పేజీ కాదు. మంచం మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, నేను యాడికీ పోలేదు అన్నప్పుడు నమ్మమన్నారు.

ఆ నెల నుంచి నేను బల్ల దగ్గరికి వెళ్ళడం మానుకున్నాను. సంస్కారం మొదలయ్యాక లేచి బయటికి వచ్చేస్తాను. ఎందుకని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. టీచరమ్మకు మోకాళ్ళ నొప్పులు, చాలాసేపు మోకరించి ఉండలేదు అనుకుంటున్నారు.